అంకపాశం: విన్యాసం మారినా మారనిది



ఆచమనవేళ కేశవ నామంతో ఆరంభమై శ్రీకృష్ణ నామంతో ముగిసే నామావళిలో 24 నామాలున్నవి. ఉపనయనమైన వటువు తొలి దినాలలోనే అభ్యసించే నామావళి ఇది. నిత్యానుష్ఠానంలో నాలుకకు అలవడిన విషయం గనుక ఆ సంఖ్యను గురించి ఎవరూ ప్రత్యేకంగా ఆలోచింపరు. శిల్పశాస్త్ర దృష్టితో చూచినప్పుడు మాత్రం ఒక విశేషం గోచరిస్తుంది. ఈ చతుర్వింశతి మూర్తులందరూ చతుర్భుజులు. అందరి హస్తాలలోనూ శంఖ చక్ర గదా పద్మాలే ఉన్నవి. మూర్తికీ మూర్తికీ భేదం ఆయుధాలలో లేదు. ఏ ఆయుధం ఏ హస్తంలో ఉన్నదన్న విన్యాసంలోనే ఉన్నది. అగ్నిపురాణం 48వ అధ్యాయాన్ని అనుసరించి ప్రదక్షిణక్రమంలో కేశవునికి పద్మ, శంఖ, చక్ర, గదలు. నారాయణునికి శంఖ, పద్మ, గదా, చక్రాలు. స్థానం మారినంతనే నామం మారినది, మూర్తి మారినది, ధ్యానం మారినది. పరతత్త్వం మాత్రం మారలేదు.

నామాలను అందించినది ఆగమ పురాణ సంప్రదాయం. అయితే నాలుగు వస్తువులను నాలుగు స్థానాలలో ఎన్ని విధాల నిలుపవచ్చునన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది గణితం. ఆ సమాధానాన్ని హరి పేరుతోనే చెప్పిన గణితాచార్యుడు భారతదేశంలో ఉన్నాడు.

లీలావతిలో హరిహరులు

భాస్కరాచార్యులు క్రీ.శ. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించినారు. అందులోని పాటీగణిత భాగమే లీలావతి. ఆ గ్రంథం చివర అంకపాశమనే ప్రకరణం ఉన్నది. పాశమనగా త్రాడు. అంకెలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఎన్నెన్ని రూపాలు ధరించగలవో లెక్కించే విద్య అంకపాశం.

అందలి ఉదాహరణలలో ఒకటి దేవతాపరమైనది. పాశం, అంకుశం, సర్పం, డమరుకం, కపాలం, శూలం, ఖట్వాంగం, శక్తి, శరం, చాపం అనే పదింటిని తన పది హస్తాలలో మార్చి మార్చి ధరించినచో శంభునికి ఎన్ని మూర్తిభేదాలు కలుగును? గద, చక్రం, పద్మం, శంఖం అనే నాలుగింటిని ధరించే హరికి ఎన్ని? ఇదీ ప్రశ్న.

సమాధానంలోని యుక్తి సరళమైనది. హరి మొదటి హస్తంలో నాలుగు ఆయుధాలలో ఏదైనను ఉండవచ్చును. అది నిర్ణయమైన పిమ్మట రెండవ హస్తానికి మూడు అవకాశాలు, మూడవదానికి రెండు, చివరిదానికి ఒకటే మిగులును. 4, 3, 2, 1ల గుణకారఫలం 24. కేశవాది నామాల సంఖ్య ఇదే. శంభుని విషయంలో 10 మొదలు 1 వరకు గుణించినచో 36,28,800 రూపాలు. ఒక్కొక్క రూపాన్ని ఒక్క సెకను చొప్పున విరామం లేక ధ్యానించినను 42 అహోరాత్రాలు పడుతుంది. పదే ఆయుధాలు, పదే హస్తాలు. అయినను ఒక మనుష్యుడు కూర్చుండి వ్రాసి ముగింపలేని సంఖ్య. వ్రాయలేనిదానిని సైతం ఖచ్చితంగా లెక్కించవచ్చునని చూపుటయే ఆచార్యుల ఉద్దేశం.

పిదప అంకెల వంతు. 3, 9, 8 అనే మూడు అంకెలతో 389, 398, 839, 893, 938, 983 అని ఆరు సంఖ్యలేర్పడును. వీటి మొత్తం 4440. ఆరింటినీ కూడకుండగనే ఈ ఫలితాన్ని పొందవచ్చును. ప్రతి అంకె ఒకట్ల స్థానంలో రెండు మార్లు, పదుల స్థానంలో రెండు మార్లు, వందల స్థానంలో రెండు మార్లు నిలుచును. అంకెల మొత్తం 20. దానికి రెట్టింపు 40. 40ని 111చే గుణించినచో 4440. విన్యాసాలు ఎన్ని అయినను ఏ అంకెకూ ఏ స్థానంలోనూ పక్షపాతం లేదు. ఈ సమత్వమే సూత్రానికి మూలం.

అంకెలు పునరావృతమైనప్పటి నియమం కూడ అక్కడ ఉన్నది. 2, 2, 1, 1 అనే అంకెలతో 1122, 1212, 1221, 2112, 2121, 2211 అని ఆరు రూపాలే కలుగును. వాటి మొత్తం 9999. ఈ ఆరింటిలో 1221, 2112 అనునవి ఎడమ నుండి చదివినను కుడి నుండి చదివినను ఒకే రీతిగా ఉన్నవి. మొత్తమైన 9999 కూడ అట్టిదే. ఇట్టివాటిని నేడు పాలిండ్రోమ్ సంఖ్యలని, ద్విముఖ సంఖ్యలని వ్యవహరిస్తున్నారు.

విన్యాసమే రక్ష

ఈ విద్య కేవలం వినోదం కాదు. చతుర్వింశతి మూర్తుల జాబితాలు గ్రంథానికీ గ్రంథానికీ కొంత భేదిస్తున్నవి. లేఖకుల ప్రమాదాలు కూడ అందులో చేరి ఉండవచ్చును. ఒక జాబితా దోషరహితమా కాదా అని పరీక్షించుటకు అంకపాశం ఒక సాధనం. నామాలు 24, సాధ్యమైన విన్యాసాలు 24. ఒకే గ్రంథంలో రెండు నామాలకు ఒకే విన్యాసం కనిపించినచో వేరొక విన్యాసం ఎక్కడో లోపించినదని నిశ్చయం. స్థపతియైనను అర్చకుడైనను శ్లోకానికి శ్లోకాన్ని సరిపోల్చి ఆ దోషస్థానాన్ని వెదుకవచ్చును.

విన్యాసాన్ని మార్చి మూలాన్ని రక్షించే ఈ పద్ధతి వేదాధ్యాయులకు క్రొత్త కాదు. జటాపాఠంలో రెండు పదాలను 1-2, 2-1, 1-2 అను క్రమంలో చెప్పుదురు. ఘనపాఠంలో 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అను క్రమం. ఇట్లు సాగుచుండగా మధ్యనున్న ప్రతి పదం 13 మార్లు ఉచ్చరింపబడును. ముందుకు, వెనుకకు, మరల ముందుకు నడచు ఈ గతిలో ఒక పదం జారినను, ఒక స్వరం తప్పినను, తరువాతి ఆవృత్తిలో అది బయటపడక మానదు. వ్రాతపై ఆధారపడక, కంఠం నుండి కంఠానికి వేదం అక్షరశుద్ధితో నిలుచుటకు ఈ వికృతి పాఠాలు ప్రధాన కారణం. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించినది.

జటాఘనాల నుండి అంకపాశం పుట్టినదని ఇక్కడి అభిప్రాయం కాదు. ఒకటి శబ్దరక్షణ విధానం, రెండవది సంఖ్యాశాస్త్రం. రెండింటిలోనూ ఉన్న స్వభావం ఒకటే: విన్యాసాన్ని ఎంతగా మార్చినను మారనిది ఏదో గుర్తించి, దానిని ఆధారంగా చేసికొని సత్యాన్ని పరీక్షించుట.

మహావీరుని కంఠాభరణాలు, మల్లన లెక్కలు

ద్విముఖ సంఖ్యలపై మక్కువ భాస్కరాచార్యులకు మూడు శతాబ్దాలు పూర్వమే కనిపిస్తున్నది. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు గణితసారసంగ్రహాన్ని రచించినాడు. గుణకారం నేర్పునప్పుడు ఆయన ఎంచుకొన్న ఉదాహరణలు విచిత్రమైనవి. 139ని 109చే గుణించినచో 15151. 1,52,207ను 73చే గుణించినచో 1,11,11,111. 2,79,94,681ని 441చే గుణించినచో 12345654321. ఒకటితో మొదలై ఆరు వరకు పెరిగి మరల ఒకటికి తగ్గే సంఖ్యగా ఆయన దీనిని వర్ణించినాడు. మెడలోని హారంలో పూసలు మధ్యనుండి ఇరువైపులా సమంగా అమరునట్లు ఇందులో అంకెలు అమరుచున్నవి గనుక ఇట్టి సంఖ్యలను కంఠాభరణాలతో పోల్చినాడు.

ఇందు సౌందర్యంతో పాటు ప్రయోజనం కూడ ఉన్నది. విద్యార్థి గుణకారంలో ఒక్క అంకె తప్పినను హారం చెదరిపోవును. ఫలితాన్ని గురువునకు చూపకయే తన దోషాన్ని తాను తెలిసికొనగలడు. మరొక సౌలభ్యం. పూర్వగ్రంథాలలో సంఖ్యలను చంద్ర, నేత్ర, వేద ఇత్యాది పదాలతో చెప్పి, ఒకట్ల స్థానం నుండి ఎడమవైపునకు అంకెలను నిలుపుట సంప్రదాయం. ఈ నియమమెరుగక తలక్రిందుగా వ్రాసికొన్నవాడు సంఖ్యను పాడుచేయును. ద్విముఖ సంఖ్యకు మాత్రం ఆ భయం లేదు. ఎటునుండి వ్రాసినను అది అదే.

ఈ గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. తెలుగులో లభించిన తొలి గణితగ్రంథంగా పండితులు దీనిని గౌరవిస్తున్నారు. మల్లన శైవుడు. మూలంలోని జైనపరమైన ప్రస్తావనల స్థానంలో శైవపరమైన ప్రస్తావనలను చేర్చినాడు. అంతే కాక, గుణకార వర్గ ప్రకరణాలలో మూలంలో లేని ఉదాహరణలను అనేకం స్వయంగా కూర్చినాడు. అవన్నీ అంకెలు సౌష్ఠవంతో అమరే ఫలితాలనే ఇచ్చును. జినుని చోట శివుడు వచ్చినాడు. సంస్కృతం చోట తెలుగు వచ్చినది. లెక్క మాత్రం మారలేదు. గ్రంథనామంలో సారసంగ్రహమన్న మాటను నిలుపుటచేత మూలకర్త ఋణం కూడ మరుగున పడలేదు.

భాస్కరాచార్యుల తరువాత 1356లో నారాయణ పండితుడు గణితకౌముదిని రచించి, అందులో 13వ అధ్యాయమంతయు అంకపాశానికే కేటాయించినాడు. లీలావతిలో బీజంగా ఉన్నది అక్కడ వృక్షమైనది. విన్యాసాలు ఎన్ని అని చెప్పుటతో తృప్తిపడక, వాటిని ఏ క్రమంలో వ్రాయవలెనో, ఫలానా వరుసలోని రూపం ఏదో, ఫలానా రూపం ఎన్నవదో కనుగొనే మార్గాలను కూడ ఆయన నిరూపించినాడు. ఛందశ్శాస్త్రంలో ప్రస్తార, నష్ట, ఉద్దిష్టాలను అభ్యసించినవారికి ఈ మార్గం సుపరిచితంగా తోచును.

దేవలాలీ ఉపాధ్యాయుడు

ఈ ధారలో ఆధునిక కాలంలో స్మరింపదగిన పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. ఆయన 1905లో మహారాష్ట్ర తీరంలోని దహాణులో జన్మించినారు. పూణేలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివి, 1930 నుండి 1962 వరకు నాసిక్ సమీపంలోని దేవలాలీలో పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేసినారు. విశ్వవిద్యాలయ పదవి లేదు, పరిశోధనా పట్టం లేదు. అంకెలతో ఆడుకొను సామాన్యోపాధ్యాయుడని సమకాలీన గణితవేత్తలలో పలువురు ఆయనను లెక్కచేయలేదు.

1946లో ఆయనకు గోచరించిన విషయమిది. అన్ని అంకెలూ ఒకటే కాని నాలుగంకెల సంఖ్యను ఏదైనను తీసికొనవలెను. దాని అంకెలను అవరోహణక్రమంలో అమర్చి, అందుండి ఆరోహణక్రమంలో అమర్చినదానిని తీసివేయవలెను. వచ్చిన ఫలితానికి మరల అదే క్రియ చేయవలెను. ఫలితంలో అంకెలు మూడే ఉన్నచో ముందు సున్న చేర్చికొనవలెను. ఎక్కడ ఆరంభించినను ఏడు ఆవృత్తులకు మించకుండ 6174 అనే సంఖ్య వచ్చి తీరును. అటుపిమ్మట 7641 నుండి 1467ను తీసివేసినచో మరల 6174యే. అక్కడితో గమనం ఆగిపోవును.

1949లో మద్రాసులో జరిగిన గణిత సమావేశంలో కాప్రేకర్ దీనిని ప్రకటించినారు. ఆ సంవత్సరసంఖ్యనే పరీక్షింపవచ్చును. 9941 నుండి 1499 తీసివేయగా 8442. తరువాత వరుసగా 5994, 5355, 1998, 8082, 8532, ఏడవ ఆవృత్తికి 6174. జిజ్ఞాసువులు తమ జన్మసంవత్సరంతో స్వయంగా చేసి చూడవచ్చును. ఇది విశ్వసింపుమని ఎవరూ అడుగుట లేదు. కాగితం, కలం చాలును.

ఇందులో ఒక భాగానికి కారణం సులభగ్రాహ్యం. సంఖ్యను 9చే భాగించినప్పటి శేషం దాని అంకెల మొత్తంపై ఆధారపడును. అంకెల స్థానాలు మారినను మొత్తం మారదు. కనుక ఒకే అంకెల రెండు విన్యాసాల భేదం ఎల్లప్పుడూ 9చే నిశ్శేషంగా భాగింపబడును. పై వరుసలోని ఫలితాలన్నీ అట్టివే. గుణకారాదులను తొమ్మిదితో సరిచూచే పద్ధతి రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతంలోనే ఉన్నది. ఇక్కడ కూడ విన్యాసం మారినా మారని శేషమే పరీక్షకు ఆధారం.

అయితే అన్ని గమనాలకూ ఇట్టి విశ్రాంతి లేదు. మూడంకెలకు 495 గమ్యం. రెండంకెలతో చేసినచో 9, 81, 63, 27, 45, మరల 9 అని చక్రభ్రమణమే. ఒక స్థిరస్థానం లేదు. ఐదంకెలకు కూడ చక్రాలే గాని గమ్యం లేదు. సంసారచక్రాన్ని, మోక్షస్థానాన్ని స్మరింపజేసే పోలిక ఇందులో తోచుట సహజం. పోలికగా అది మనోహరమే. ప్రమాణంగా మాత్రం గ్రహింపరాదు. 6174ను ఆశ్రయించి మోక్షసిద్ధాంతం నిలువదు, దానిని కాదని పడిపోదు.

కాప్రేకర్ డెమ్లో అనే రైల్వే స్టేషన్ పేరిట మరికొన్ని సంఖ్యలను పరిశీలించినారు. 11 వర్గం 121, 111 వర్గం 12321. ఈ పరంపరలో 1,11,111 వర్గం 12345654321. మహావీరాచార్యుడు గుణకారంతో గ్రుచ్చిన కంఠాభరణం ఇదే. ఒకరు చక్రవర్తి కాలపు పండితుడు, మరొకరు స్టేషన్‌లో నిలిచిన బడిపంతులు. నడుమ వేయేండ్లకు పైబడిన కాలం; సంఖ్య ఒకటే. అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యలకు కాప్రేకర్ హర్షదములని సంస్కృత నామం పెట్టినారు. 108 హర్షదమే, 6174 కూడ హర్షదమే. 1975లో అమెరికాకు చెందిన సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డనర్ ఆయనను గురించి వ్రాసిన పిదపగాని ఆయన కీర్తి లోకంలో వ్యాపింపలేదు. 1986లో ఆయన పరమపదించినారు.

196: నిరుత్తరమైన ప్రశ్న

విలోమాన్ని తీసివేయుటకు బదులు కూడినచో ఏమగును? 87కు 78 కూడినచో 165. దానికి 561 కూడినచో 726. 627 కూడినచో 1353. 3531 కూడినచో 4884. ద్విముఖ సంఖ్య సిద్ధించినది. 59 మూడు ఆవృత్తులలోనే 1111 అగును. 89కి మాత్రం 24 ఆవృత్తులు పట్టును. అప్పుడు లభించేది 8813200023188.

ఇక 196. దీని నుండి 887, 1675, 7436, 13783 అని పరంపర సాగును. ద్విముఖ సంఖ్య రాదు. జాన్ వాకర్ అనే కంప్యూటర్ నిపుణుడు 1987లో ఈ లెక్కను యంత్రానికి అప్పగించగా, అది 1990 వరకు నడచి, 24 లక్షలకు పైగా ఆవృత్తుల తరువాత పది లక్షల అంకెల సంఖ్యను చేరినది. అప్పటికీ ద్విముఖత్వం సిద్ధింపలేదు. పిదప ఇతరులు మరెంతో దూరం నడచినారు, ఫలితం అదే. ఎన్నటికీ రాదని అందరూ అనుమానిస్తున్నారు. రాదనుటకు నిరూపణ మాత్రం ఇంతవరకు ఎవరూ చూపలేదు. రెండే అంకెలతో వ్రాసే ద్విసంఖ్యామానంలో ఇట్టి సంఖ్య ఉన్నదని నిరూపితమైనది. మనం వాడే దశమానంలో ఒక్కదానికీ కాలేదు.

ఇక్కడ గణితవేత్తలు పాటించిన నియమం గమనింపదగినది. కోట్ల ఆవృత్తులు చూచిన పిదప కూడ వారు రాదని సిద్ధాంతీకరింపలేదు. చూడకుండుట వేరు, లేదని నిశ్చయించుట వేరు. ప్రమాణశాస్త్రం అభ్యసించినవారికి ఈ వివేకం పరిచితమే. ఒకచోట కుండ కనబడకపోవుటచేత అక్కడ కుండ లేదని చెప్పుటకు, ఉన్నచో కనబడి తీరవలెనన్న నియమం ముందుగా ఉండవలెను. 196 విషయంలో ఆ నియమం ఇంకను లభింపలేదు. కనుక సంశయం సంశయంగానే నిలిచినది.

అస్తేయం

ఇటీవల ఏ గణిత విశేషం కనిపించినను అది వేదంలోనే ఉన్నదని ప్రచారం చేయు ధోరణి ప్రబలినది. భక్తితో చేయుచున్నను ఇది ధర్మం కాదు. 6174 వేదంలో ఉన్నదని చెప్పినచో వేదానికి క్రొత్తగా కలిగే గౌరవం లేదు. దేవలాలీలో ముప్పదిరెండేండ్లు బాలురకు పాఠం చెప్పి, తన తీరిక సమయాన్ని అంకెలకు అర్పించిన ఒక బ్రతుకు ఫలాన్ని అపహరించినట్లు మాత్రం అగును. మహావీరాచార్యుడు జైనుడన్న మాటను దాచినచో, మల్లన సైతం గ్రంథనామంలో నిలిపిన ఋణాన్ని మనం ఎగవేసినట్లగును. సత్యంతో పాటు అస్తేయం కూడ యమాలలో ఒకటి. అన్యుల ధనాన్ని ముట్టనివాడు అన్యుల విద్యాయశస్సును కూడ ముట్టరాదు.

సనాతన సంప్రదాయానికి తనదని చెప్పుకొనదగిన సంపద చాలినంత ఉన్నది. హరి చేతులలోని ఆయుధాలను చూచి నమస్కరించినవారే వాటి విన్యాసాలను లెక్కించినారు. లెక్కించుటచేత భక్తి తగ్గలేదు; భక్తిచేత లెక్క వంకరపోలేదు. 24 అన్నచోట 25 అని ఎవరూ అనలేదు. ఘనపాఠి ఒక్క పదాన్ని అధికంగా చేర్చడు, ఒక్క పదాన్ని విడువడు. ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుటయే ఇరువురి వ్రతం.

రేపటి ప్రాతఃకాలంలో ఆచమనం చేయునప్పుడు కేశవ నామం నుండి శ్రీకృష్ణ నామం వరకు 24 నామాలు మరల నాలుకపైకి వచ్చును. నాలుగు ఆయుధాలు స్థానాలు మారుచుండగా, ధరించినవాడు ఒక్కడే అన్న భావన అప్పుడు కలిగినచో, లీలావతి చివరనున్న ఆ చిన్న లెక్క సార్థకమైనట్లే.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.